బెమిడ్జి కేస్ స్టడీ: ముడిచమురు తినే మట్టి బ్యాక్టీరియాకు నిజంగా ఏది కొరత?

"ఏ బ్యాక్టీరియా చల్లుతారండీ?" ముడిచమురు లీకైన చేను చూడటానికి వెళ్తే మాకు తప్పకుండా ఎదురయ్యే ప్రశ్న ఇది. రైతూ అదే అడుగుతారు, కంపెనీ ఇంజనీరూ అదే అడుగుతారు. ప్యాకెట్ తెచ్చి పొడి చల్లితే చమురు మాయమైపోతుందని చాలామంది నమ్మకం. నేల శుద్ధి పనిలో ఉన్నవాడిగా నేను చెప్పేది ఏమిటంటే, చమురును తినే బ్యాక్టీరియా ఆ చేలో అప్పటికే ఉంటుంది. దానికి అందనిది వేరే ఏదో ఉంటుంది. అదేమిటో కనిపెట్టడమే మా పనిలో సగం.

సూడోమోనాస్, రోడోకోకస్, అసినెటోబాక్టర్, మైకోబాక్టీరియం లాంటి జాతులు మామూలు మట్టిలో బతికేవే. ఆకుల మీద ఉండే మైనంలో కూడా చమురులో ఉన్నలాంటి పొడవాటి కార్బన్ గొలుసులు ఉంటాయి. రాలిన ప్రతి ఆకుతోనూ ఆ మైనం మట్టిలోకి చేరుతూనే ఉంటుంది కాబట్టి, అలాంటి పదార్థాన్ని విడగొట్టే ఎంజైములు మట్టి బ్యాక్టీరియాకు కొత్తేమీ కాదు. చమురు పడ్డాక ఆ జాతులే మిగతావాటిని మించి పెరుగుతాయి.

ఈ మాటను రుజువుతో చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నేను ఆశ్రయించేది అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో జరిగిన బెమిడ్జి కేసు. నేను అక్కడ పని చేయలేదు. కానీ నేలలో దిగిన ఒకే చమురును దశాబ్దాలపాటు, అన్ని బావులు వేసి, అంత ఓపికగా గమనించిన చోట్లు ప్రపంచంలో చాలా తక్కువ. ఫలితాలన్నీ అందరికీ అందుబాటులో ఉన్నాయి. మన దగ్గర ఈ పని చేసేవాళ్ళకు, చేలల్లో పైపులైన్లు ఉన్న రైతులకు అవి తెలుగులో చేరాలని రాస్తున్నాను.

ప్రమాదం, ఆ నేల తీరు

1979 ఆగస్టు 20న బెమిడ్జి పట్టణానికి వాయవ్యంగా సుమారు 16 కిలోమీటర్ల దూరంలో 34 అంగుళాల ముడిచమురు పైపులైను పగిలింది. సుమారు 17 లక్షల లీటర్ల చమురు బయటికి వచ్చింది. పైపులో ఒత్తిడి బాగా ఉండటంతో కొంత గాలిలోకి చిమ్మి, 6,500 చదరపు మీటర్ల మేర, అంటే ఎకరంన్నరకు పైగా, నేల మీద వానలా పడింది. మిగతాది పల్లాల్లో మడుగులు కట్టింది. మడుగుల్లోంచి తోడారు, కందకాలు తవ్వి పట్టారు, కొంత తగలబెట్టారు, చమురు పట్టిన మట్టిని కొంత తవ్వి తరలించారు. ఇంత చేసినా సుమారు 4 లక్షల లీటర్లు నేలలోనే ఉండిపోయింది.

అక్కడిది ఇసుక, గులకరాళ్ళు కలిసిన నేల. హిమానీనదాలు కరిగి పారినప్పుడు వేసిన మేట అది. చమురు ఎక్కువగా ఉన్న చోట నీటిమట్టం 6 నుంచి 8 మీటర్ల లోతున ఉంటుంది. చమురు నీటికన్నా తేలిక కాబట్టి ఇంకినదాంట్లో చాలా భాగం ఆ మట్టం దాకా దిగి, అక్కడ ఇసుక రేణువుల సందుల్లో పరుచుకుంది. కింద నీరు మెల్లగా ఈశాన్యం వైపు కదులుతుంది. ఆ దారిలో సుమారు 300 మీటర్ల దూరంలో ఒక చిన్న సరస్సు ఉంది. చమురులోని బెంజీన్, టోలీన్ లాంటివి నీటిలో కొంత కరుగుతాయి. బెంజీన్ క్యాన్సర్ కారకం. అది సరస్సు దాకా ఎప్పుడు చేరుతుందన్నదే అప్పటి టెన్షన్.

1983లో అమెరికా ప్రభుత్వ భూగర్భ పరిశోధన సంస్థ యూఎస్ జియలాజికల్ సర్వే ఆ చోటును పరిశోధన క్షేత్రంగా మార్చింది. వచ్చిన ఫలితం నన్ను ఇప్పటికీ ఆకట్టుకుంటుంది. 1996 నాటికి, అంటే పదిహేడేళ్ళలో, నీటిమట్టం మీద ఉన్న చమురు అంచు దాదాపు 40 మీటర్లు మాత్రమే కదిలింది. నీటిలో కరిగిన కాలుష్యం అంచు దాదాపు 200 మీటర్ల దగ్గర ఉంది. నీరు కదిలే వేగంతో లెక్కేస్తే ఆ కాలుష్యం ఇంకా చాలా దూరం వెళ్ళి ఉండాలి. దారిలో దాన్ని బ్యాక్టీరియా తినేస్తోంది. ఆ బ్యాక్టీరియాను అక్కడికి ఎవరూ తీసుకెళ్ళి వేయలేదు.

పైన గాలి ఉంది, పదును లేదు

లోతుకు వెళ్ళే ముందు చమురు చిమ్మిపడిన పై నేల సంగతి చెప్పాలి, ఎందుకంటే రైతులకు ఎదురయ్యేది ఎక్కువగా ఇదే. అక్కడ గాలికి కొదవ లేదు, ఎండ ఉంది, వాన ఉంది. ఆ లెక్కన చమురు ముందుగా పోవాల్సింది అక్కడే. కానీ దశాబ్దాలు గడిచినా ఆ మేర గడ్డి, మొక్కలు సరిగ్గా లేవలేదు. చమురు పూత పట్టిన ఇసుక నీటిని తోసేస్తుంది. వాన చినుకు దాని మీద ముత్యంలా నిలుస్తుంది, పక్కకు జారిపోతుంది, లోపలికి ఇంకదు. పదును, అంటే తడి, లేని మట్టిలో బ్యాక్టీరియా పని చేయలేదు. అది బతికేది రేణువు చుట్టూ ఉండే సన్నటి నీటి పొరలోనే.

ఇది సులువుగా చేసి చూడదగ్గ పరీక్ష. చమురు పడి ఎండిన మట్టిని చిన్న పళ్ళెంలో చదునుగా పరిచి, పైన ఒక నీటి చుక్క వేసి గడియారం చూడండి. కొన్ని సెకన్లలో ఇంకితే సమస్య లేదు. నిమిషాలు గడిచినా చుక్క అలాగే నిలబడి ఉంటే, ఆ మట్టికి ముందు కావాల్సింది దున్నడం, పశువుల ఎరువో కొబ్బరి పొట్టో కలిపి నీటిని పట్టుకునేలా చేయడం. అది చేయకుండా ఎంత ఖరీదైన మందు చల్లినా వృథా.

కింద గాలే లేదు

ఇక అసలు కథ నీటిమట్టం దగ్గర. ఒక కిలో చమురును పూర్తిగా కార్బన్ డయాక్సైడ్, నీరుగా మార్చాలంటే సుమారు మూడున్నర కిలోల ఆక్సిజన్ కావాలి. చల్లటి నీరు లీటరుకు 10 మిల్లీగ్రాములకు అటూ ఇటూ ఆక్సిజన్ మాత్రమే కరిగించుకోగలదు. అంటే ఒక్క కిలో చమురుకు మూడున్నర లక్షల లీటర్ల తాజా నీరు దాన్ని తాకుతూ పోవాలి. బెమిడ్జిలో మిగిలింది 4 లక్షల లీటర్ల చమురు. ఎంత నీరు కావాలో మీరే గుణించుకోండి. అందుకే చమురు కింద ఉన్న నీటిలో ఆక్సిజన్ తొందరగానే అయిపోయింది.

ఆక్సిజన్ లేకపోతే బెంజీన్ లాంటి వలయపు పదార్థాలు విడిపోవని అంతకుముందు చాలామంది భావించేవారు. ఆ అభిప్రాయాన్ని మార్చిన వాటిలో బెమిడ్జి ఒకటి. 1989లో నేచర్ పత్రికలో డెరెక్ లవ్లీ, మేరీ జో బేడెకర్, ఇసబెల్ కోజరెలీ తదితరులు ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఆక్సిజన్ బదులు ఇనుపు తుప్పును వాడుకుంటూ ఈ పదార్థాలను తినే బ్యాక్టీరియా ఉంది. తర్వాత దానికి జియోబాక్టర్ అనే పేరు స్థిరపడింది. బెమిడ్జిలో బెంజీన్ పోతున్న చోట జియోబాక్టర్ కుటుంబపు జాతులు ఎక్కువగా ఉన్నట్టు ఆ తర్వాతి పరీక్షల్లో కూడా కనబడింది.

ఇసుక రేణువుకు ఉండే పసుపు, గోధుమ రంగు ఆ ఇనుపు తుప్పుదే. బ్యాక్టీరియా తన దగ్గర మిగిలిన ఎలక్ట్రాన్లను ఆ తుప్పు మీదికి వదిలేస్తుంది. దాంతో తుప్పు కరిగే రూపానికి మారి నీటిలోకి వెళ్తుంది, ఇసుక బూడిద రంగుకు తిరుగుతుంది. బోరు వేసి మట్టి తీస్తున్నప్పుడు రంగు గోధుమ నుంచి బూడిదకు ఎక్కడ మారిందో చూడగలిగితే, ల్యాబు రిపోర్టు రాకముందే సగం సంగతి తెలిసిపోతుంది. ఆ రంగు గాలి తగిలితే మారిపోతుంది కాబట్టి ట్యూబు కోసిన వెంటనే ఫోటో తీయాలని నా దగ్గర పనిచేసే పిల్లలకు గట్టిగా చెబుతాను. బెమిడ్జిలో అయితే శాంపిల్ ట్యూబు కొసను లోతులోనే ద్రవ కార్బన్ డయాక్సైడ్‌తో గడ్డకట్టించి, లోపలి చమురు, నీరు జారిపోకుండా పైకి తెచ్చే పద్ధతిని తయారుచేసుకున్నారు. శాంపిల్ మీద అంత శ్రద్ధ పెట్టారు కాబట్టే వాళ్ళ లెక్కలను నమ్మగలుగుతున్నాం.

అయితే ఈ దారి చాలా ఖర్చుతో కూడినది. ఒక బెంజీన్ అణువు పూర్తిగా విడిపోవాలంటే 30 ఇనుము పరమాణువులు కావాలి. బరువులో చెప్పాలంటే, కిలో బెంజీన్‌కు 21 కిలోలకు పైగా ఇనుము. మట్టిలో తుప్పు నిల్వ ఎంత ఉన్నా అది తరిగిపోయేదే. బెమిడ్జిలో చమురుకు దగ్గరగా ఉన్న ఇసుకలో ముందు తుప్పు అయిపోయింది. అయిపోయిన కొద్దీ ఆ పని జరిగే చోటు నీరు పోయే దిక్కుకు మెల్లగా జరిగింది. పైనుంచి చూసి, కాలుష్యం ఒక చోట నిలిచిపోయింది కదా, ఇక భయం లేదని సంతకం పెట్టేసేవాళ్ళు ఈ ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. అది నిలిచి ఉన్నది మట్టిలోని తుప్పు మీద ఆధారపడి. ఆ నిల్వ ఎంతుందో కొలవకుండా ఎన్నాళ్ళు నిలుస్తుందో ఎవరూ చెప్పలేరు.

మీథేన్ దారి

తుప్పు కూడా లేని చోట, చమురు మధ్యలోనే, ఇంకో పని నడుస్తోంది. కొన్ని బ్యాక్టీరియా చమురు గొలుసులను అసిటేట్, హైడ్రోజన్ దాకా విడగొడతాయి. ఆర్కియా అనే వేరే కోవకు చెందిన సూక్ష్మజీవులు వాటిని తీసుకుని మీథేన్ చేస్తాయి. ఈ రెండూ ఒకదాని మీద ఒకటి ఆధారపడి బతుకుతాయి. హైడ్రోజన్ పేరుకుపోతే మొదటి గుంపుకు ఆ పనిలో శక్తి మిగలదు, పని ఆగిపోతుంది. రెండో గుంపు దాన్ని ఎప్పటికప్పుడు ఖాళీ చేస్తుంటేనే నడుస్తుంది.

ఇలా పుట్టిన మీథేన్ ఇసుక సందుల్లోంచి పైకి లేస్తుంది. పైనుంచి ఆక్సిజన్ దిగుతుంది. రెండూ కలిసే లోతులో మీథేన్‌ను తినే బ్యాక్టీరియా దాన్ని కార్బన్ డయాక్సైడ్‌గా మార్చేస్తుంది. ఈ క్రమంలో వేడి పుడుతుంది. చలికాలం గడ్డకట్టుకుపోయే మిన్నెసోటాలో, చమురు పైనున్న మట్టి చుట్టుపక్కల మట్టికన్నా రెండు డిగ్రీలకు పైగా వెచ్చగా ఉన్నట్టు కొలిచారు. నాకు ఇది చాలా పనికొచ్చే సంగతి. కోట్ల ఖర్చు లేకుండా, లోతులో థర్మామీటర్లు దించి, నేల మీద కార్బన్ డయాక్సైడ్ ఎంత వస్తోందో కొలిచి, కింద చమురు ఏడాదికి ఎంత తరుగుతోందో అంచనా వేయొచ్చు. ఇప్పుడు చాలా సైట్లలో ఈ పద్ధతి వాడుతున్నారు.

యూఎస్ జియలాజికల్ సర్వే శాస్త్రవేత్త బార్బరా బెకిన్స్, సహచరులు గమనించిన ఇంకో విషయం మా పనికి మరీ దగ్గరిది. అదే రోజు, అదే పైపు నుంచి పడిన చమురు ఒకచోట బాగా విడిపోయింది, అదే మడుగులో ఇంకోచోట అంతగా విడిపోలేదు. బాగా విడిపోయిన చోటు పైన నేల కాస్త పల్లంగా ఉంది. వాన నీరు అక్కడ నిలిచి ఎక్కువగా ఇంకుతుంది. ఆ నీటితో బాటు బ్యాక్టీరియా పెరుగుదలకు కావాల్సిన పోషకాలు కిందికి చేరాయన్నది వాళ్ళ వివరణ. చమురులో కార్బన్ దండిగా ఉంటుంది, నత్రజని, భాస్వరం ఉండవు. పైనున్న కాస్త పల్లం, కింద ఏడు మీటర్ల లోతులో బ్యాక్టీరియా తిండి వేగాన్ని మార్చేసిందంటే, సైట్ మ్యాపులో ఎత్తుపల్లాలు గీయకుండా శాంపిల్ పాయింట్లు పెట్టడం ఎంత పొరపాటో ఆలోచించండి.

తగ్గిందా, ఆవిరైపోయిందా?

చమురు శాతం తగ్గింది అనగానే బ్యాక్టీరియా పనే అనుకోకూడదు. మొదటి నెలల్లో తేలిక పదార్థాలు ఆవిరైపోతాయి. రెంటికీ తేడా తేల్చడానికి, చమురులోని పదార్థాలను విడదీసి చూపే గ్యాస్ క్రొమటోగ్రాఫ్ అనే పరికరం గ్రాఫులో మేం రెండు శిఖరాలు చూస్తాం. ఒకటి పదిహేడు కార్బన్ల తిన్నని గొలుసు, హెప్టాడెకేన్. దాని పక్కనే ఆనుకుని కొమ్మలున్న గొలుసు, ప్రిస్టేన్. రెండూ ఆవిరయ్యే తీరు దాదాపు ఒకటే. కానీ బ్యాక్టీరియాకు తిన్నని గొలుసు సులువు, కొమ్మలున్నది కష్టం. రెండూ సమానంగా తగ్గితే గాలికి పోయినట్టు లెక్క. మొదటిది కుంగిపోయి, రెండోది పక్కన ఒంటరిగా నిలబడి ఉంటే బ్యాక్టీరియా తిన్నట్టు లెక్క. కాంట్రాక్టరు తెచ్చే రిపోర్టులో మొత్తం శాతం ఒక్కటే ఉండి ఈ గ్రాఫు లేకపోతే, దాన్ని అడిగి తీసుకోవాలి.

గాలి ఉన్న చోట మామూలుగా పొట్టి గొలుసులు ముందు పోతాయి, పొడవువి తర్వాత. బెమిడ్జిలో మీథేన్ పుట్టే చోట ఇది తిరగబడింది, పొడవాటి గొలుసులే ముందు తరిగాయి. కాబట్టి పాఠ్యపుస్తకంలోని వరుసను చూసి "ఇంకా పొట్టి గొలుసులున్నాయి, ఇక్కడ ఏమీ జరగట్లేదు" అని తేల్చేయడం సరికాదు.

దీనికి కట్టిన మూల్యం

ఇంతవరకు చదివినవాళ్ళకు, అన్నీ బ్యాక్టీరియాకే వదిలేస్తే పోలేదా అనిపించొచ్చు. పైపులైను కంపెనీలకు అలా అనిపించడం మరీ సహజం, ఖర్చు తగ్గుతుంది. అందుకే ఈ భాగాన్ని నేను ఎక్కడా కుదించి చెప్పను.

ఇసుక మీది తుప్పు ఊరికే ఉండదు. నేలలో సహజంగా ఉండే ఆర్సెనిక్ దానికి అంటుకుని ఉంటుంది. తుప్పు కరిగితే ఆర్సెనిక్ కూడా నీటిలోకి వస్తుంది. బెమిడ్జిలో చమురు తెచ్చిన ఆర్సెనిక్ కాదది, ఆ నేలదే. కాలుష్యం ఉన్న నీటిలో లీటరుకు 230 మైక్రోగ్రాముల దాకా కొలిచారు. తాగేనీటికి హద్దు 10 మైక్రోగ్రాములు. కాలుష్యపు అంచు దగ్గర, మళ్ళీ ఆక్సిజన్ తగిలే చోట, ఇనుము తుప్పుగా పేరుకుని ఆర్సెనిక్‌ను కొంత పట్టేస్తుంది. కానీ ఆ అంచు కదులుతుంటే ఆ ఆర్సెనిక్ కూడా కదులుతుంది. బెంజీన్ ఒక్కటే పరీక్ష చేయించి నీరు బాగుందని చెప్పేవాళ్ళకు ఇది కనబడదు.

రెండోది, సగం విడిపోయిన ముక్కలు. చమురు అణువు ఒక్కసారిగా కార్బన్ డయాక్సైడ్ అయిపోదు. మధ్యలో ఆమ్లాల్లాంటి, నీటిలో బాగా కరిగే పదార్థాలు తయారవుతాయి. మామూలు చమురు పరీక్షల్లో వీటిలో చాలావరకు లెక్కకు రావు. బెమిడ్జిలో ఇవి బెంజీన్ కన్నా దూరం వెళ్ళాయి. నీటిలో కరిగిన మొత్తం ఆర్గానిక్ కార్బన్ కొలిస్తే వీటి జాడ దొరుకుతుంది. ఆ పరీక్ష ఖరీదైనదీ కాదు.

1999 నుంచి 2004 వరకు అక్కడ మళ్ళీ పంపులు పెట్టి చమురు తోడారు. కొంత వచ్చింది, చాలా భాగం ఇసుక సందుల్లోనే ఉండిపోయింది. చమురు సన్నటి సందుల్లో చిక్కుకున్నాక పంపు లాగగలిగింది కొంతవరకే. తోడగలిగినంత మొదటి వారాల్లోనే తోడటం అన్నిటికన్నా చవకైన శుద్ధి.

మరి చల్లే బ్యాక్టీరియా సంగతి?

అలాస్కాలో 1989 మార్చి 24న ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుంచి చమురు ఒలికినప్పుడు రాళ్ళ తీరం మీద ఎరువు చల్లారు. రెండు వారాలకే కంటికి తేడా కనబడింది. అక్కడ అలలతో ఆక్సిజన్ దండిగా అందుతుంది, బ్యాక్టీరియా ఉంది, కొరత నత్రజని, భాస్వరాలదే. అది ఇవ్వగానే పని వేగం పుంజుకుంది. అదే ఎరువును గాలి చొరబడని బంకమట్టిలో వేస్తే ఆ ఫలితం రాదు.

బెంగాల్‌లో పుట్టిన ఆనంద మోహన్ చక్రవర్తి చమురును విడగొట్టే సూడోమోనాస్‌ను తయారుచేసి, 1980లో అమెరికా సుప్రీంకోర్టులో 5–4 తీర్పుతో పేటెంట్ హక్కు సాధించారు. జీవశాస్త్ర చరిత్రలో అది పెద్ద మలుపు. కానీ ఆ బ్యాక్టీరియాను చమురు ఒలికిన ఏ చోటా బయట వదల్లేదు. మన దేశంలో టెరి అనే పరిశోధన సంస్థ తయారుచేసిన ఆయిల్‌జాపర్ మాత్రం వాడకంలో ఉంది. మొక్కజొన్న కండె పొడికి పట్టించిన బ్యాక్టీరియా మిశ్రమం అది. రిఫైనరీల గుంతల్లో పేరుకున్న చమురు బురద మీద వాడతారు. బురదలో బతికిన బ్యాక్టీరియా తక్కువ, పైగా అక్కడ దున్ని, పోషకాలు వేసి, పదును చూసే ఏర్పాటు ఉంటుంది కాబట్టి అలాంటి మిశ్రమానికి అర్థం ఉంది. పంట పండుతున్న సజీవమైన మట్టికి అదే సలహా నేనివ్వను, ముందు ఉన్న బ్యాక్టీరియాకు కావాల్సింది ఇచ్చి చూడమంటాను.

కోనసీమ చేలకు ఇందులో ఏముంది

గోదావరి డెల్టాలో చమురు, గ్యాస్ లైన్లు వరి చేల కింద నుంచీ, కొబ్బరి తోటల కింద నుంచీ పోతాయి. బెమిడ్జిలో ఏడు మీటర్ల లోతున ఉన్న నీరు ఇక్కడ చాలాచోట్ల కాళ్ళ కిందే ఉంటుంది. నీరు పెట్టిన వరి మడిలో, పైన కొన్ని మిల్లీమీటర్లు వదిలేస్తే, ఆక్సిజన్ ఉండదు. ఇనుపు తుప్పు కరగడం, మీథేన్ పుట్టడం మన వరి మడుల్లో ఏటా జరిగే పనులే. ఆ బ్యాక్టీరియాను బయటినుంచి తేనక్కర్లేదు.

లీకైన చేలో నేను మొదట చూసేది తూములు. చమురు పొర బోదెలోకి, అక్కడినుంచి కాలువలోకి పోకుండా మట్టి వేసి గట్టిగా మూయించాలి. నీటి మీద తేలేదాన్ని తోడి డ్రమ్ములకెత్తాలి. ఆ తర్వాతే మడిని ఆరబెట్టి, పై జానెడు మట్టిని మళ్ళీ మళ్ళీ దున్ని గాలి తగలనివ్వాలి. పోషకాలకు మేం మొదలుపెట్టే లెక్క, వంద పాళ్ళ కార్బన్‌కు పది పాళ్ళ నత్రజని, ఒక పాలు భాస్వరం. మొత్తం యూరియా ఒకేసారి కుమ్మరిస్తే అమ్మోనియా ఎక్కువై బ్యాక్టీరియాకే హాని, విడతలుగా వేయాలి. నీరు నిలబెట్టకూడదు, పదును ఆరనివ్వకూడదు.

చమురు బావుల నుంచి వచ్చే లైను పగిలితే చమురుతో బాటు భూమి లోపలి ఉప్పునీరు కూడా చేలోకి వస్తుంది. పైరు ఎర్రబడి చచ్చిపోతే అందరూ చమురునే తిట్టుకుంటారు కానీ చాలాసార్లు ముందు చంపేది ఆ ఉప్పు. ఉప్పును ఏ బ్యాక్టీరియా తినదు. మంచినీటితో కడిగి మురుగు కాలువలోకి దించాల్సిందే, అదీ చమురు తోడేశాకే. కాబట్టి మొదటి రోజే మట్టిలో ఉప్పు ఎంతుందో చెప్పే విద్యుత్ వాహకత కొలిపించి రికార్డులో పెట్టించుకోవాలి. తర్వాత నష్టపరిహారం మాటొచ్చినప్పుడు రైతు చేతిలో ఆ కాగితం ఉండటం చాలా అవసరం.

పక్కనే చేతి పంపో, తాగేనీటి బోరో ఉంటే దాని నీరు లీకైన వారంలోనే తీసి ఉంచాలి. బెంజీన్, కరిగిన ఇనుము, ఆర్సెనిక్, మొత్తం ఆర్గానిక్ కార్బన్, ఈ నాలుగూ చేయించాలి. ఇనుము పెరగడం మొదలైతే కింద బ్యాక్టీరియా తుప్పును వాడుకోవడం మొదలుపెట్టిందని అర్థం. అప్పటినుంచి ఆర్సెనిక్ పరీక్ష మూడు నెలలకోసారి చేయాలి, ఫలితం హద్దు దాటితే ఆ బోరు నీరు తాగడం ఆపించి, వేరే నీరు ఇప్పించే బాధ్యత లైను నడిపేవాళ్ళదని మొదటి ఒప్పందంలోనే రాయించుకోవాలి.